వాట్సన్ రాయకుండా వదిలేసినవి

షెర్లాక్ హోమ్స్ మీద నాకున్న పిచ్చి చదవడంతో ఆగిపోయి ఉంటే ఇంట్లో ఒక అలమర మిగిలేది. అందులో పుస్తకాలు సగమే. మిగతా సగం అట్టముక్కలతో కట్టిన ఒక గది, స్టాంపుల ఆల్బమ్, కొట్టివేతలతో నిండిన నోటుపుస్తకాలు, చేతులూ కాళ్ళూ ఆడిస్తున్న బుల్లి మనుషుల బొమ్మలున్న కాగితాలు. కొత్తగా వచ్చినవాళ్ళు పుస్తకాలు చూసి "ఓహో, బాగా చదువుతారన్నమాట" అంటారు. అట్టగది కంట పడగానే ఏమనాలో తోచక నా మొహం చూస్తారు.

మొదటి పుస్తకం మామయ్యది. ముందు అట్ట ఊడిపోయి, చివర కొన్ని పేజీలు లేకుండా అక్క చేతికీ నా చేతికీ వచ్చింది. అందులో ఆఖరి కథ మచ్చల పట్టీ కథ. (చదవనివాళ్ళు ఈ పేరా, తర్వాతి పేరా దాటేయండి.) హెలెన్ స్టోనర్ అనే అమ్మాయి తెల్లవారగానే వణుక్కుంటూ హోమ్స్ దగ్గరకు వస్తుంది. ఆమె కవల సోదరి పెళ్ళి దగ్గర పడిందనగా ఓ రాత్రి "మచ్చల పట్టీ" అని అరిచి చనిపోయింది. ఆ గదిలో మంచం నేలకు బిగించి ఉంది. లాగితే మోగని గంట తాడు ఒకటి వేలాడుతోంది. గోడకున్న గాలికన్నం బయటికి కాకుండా సవతి తండ్రి గదిలోకి తెరుచుకుంటుంది. హోమ్స్, అతని కథలు మనకు చెప్పే స్నేహితుడు డాక్టర్ వాట్సన్ దీపం ఆర్పేసి, బెత్తం పక్కన పెట్టుకుని చీకట్లో కూర్చున్నారు. అంతే. అక్కడితో పేజీలు అయిపోయాయి.

"మామయ్యా, తర్వాత ఏమైంది?" అని అడిగితే, "ఎప్పుడో చదివాన్రా, గుర్తులేదు. మీరే చెప్పండి చూద్దాం" అన్నాడు. నిజంగా మర్చిపోయాడో, మమ్మల్ని ఆడించాడో ఇప్పటికీ చెప్పడు. అక్క ఒక ముగింపు రాసింది, నేనొకటి రాశాను. ఆ సవతి తండ్రి పెంచే బబూన్ కోతి గాలికన్నంలోంచి చెయ్యి పెట్టిందని అక్క. ఆ తోటలో గుడారాలు వేసుకున్నవాళ్ళు తలకు కట్టుకునే మచ్చల గుడ్డే పట్టీ అని నేను. చాలా కాలానికి పూర్తి పుస్తకం దొరికి చూస్తే అది పాము! తాడు మీదుగా దిగుతుంది, ఈల వేస్తే వెనక్కి వెళ్తుంది, పళ్ళెంలో పాలు తాగుతుంది. పాములు పాలు తాగి బతకవనీ, ఈల విని లొంగవనీ, ఆ కథలో చెప్పిన పేరు గల పామే ఎక్కడా లేదనీ పాఠకులు ఎప్పటినుంచో దెప్పుతూనే ఉన్నారు. అయినా 1927లో తనకు నచ్చిన హోమ్స్ కథల జాబితా ఇమ్మంటే వాటిని రాసిన కానన్ డాయిల్ మొట్టమొదట పెట్టింది దీన్నే. ఆయన పామే ఒప్పయితే, అక్క కోతిలో తప్పేముంది?

ఇలా మొదలైంది. చిరిగిన పేజీల చోట మేం రాసుకున్నాం. తర్వాత తెలిసింది, చిరగని పుస్తకాల్లో కూడా ఖాళీలు బోలెడని. డాయిల్‌కి హోమ్స్ అంటే అంత శ్రద్ధ లేదు. చారిత్రక నవలల మీదే ఆయన మనసంతా. అందుకే ముందు రాసింది వెనక్కి తిరిగి చూసుకునేవాడు కాదు. వాట్సన్‌కి యుద్ధంలో తగిలిన తూటా మొదటి నవలలో భుజానికి, రెండో నవలకి కాలికి. పేరు జాన్ అయినవాడిని ఒక కథలో సొంత భార్యే జేమ్స్ అని పిలుస్తుంది. మామూలు పాఠకుడు దీన్ని చూసి రచయిత పొరపాటు అనుకుని ముందుకు పోతాడు. అభిమాని అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. రచయిత్రి డొరొతీ సేయర్స్ కూర్చుని తేల్చిందేమిటంటే, జాన్ హెచ్. వాట్సన్‌లో ఆ హెచ్ అంటే హేమిష్ అని, హేమిష్ అంటే స్కాట్లండ్ వాళ్ళ జేమ్స్ అని, భార్య ముద్దుగా పిలిచింది మధ్యపేరుతోనని. ఈ ఆటను లార్డ్స్ మైదానంలో క్రికెట్ ఆడేంత గంభీరంగా ఆడాలని కూడా చెప్పిందావిడ. ఒక్క నవ్వు నవ్వినా ఆట పాడైపోతుంది.

దీనికి దారి వేసింది రొనాల్డ్ నాక్స్ అనే ఆయన. పండితులు ప్రాచీన గ్రంథాలను పరిశోధించే పద్ధతిని హాస్యం చేస్తూ, అదే పద్ధతిలో హోమ్స్ కథలను పరిశోధించి 1911లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రసంగం చేశాడు. 1934లో న్యూయార్క్‌లో క్రిస్టఫర్ మోర్లీ బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్ అనే హోమ్స్ అభిమానుల సంఘం పెట్టాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. కథల్లో ఏది ఏ రోజు జరిగిందో తేల్చడానికి పాత వాతావరణ నివేదికలు, రైళ్ళ టైమ్‌టేబుళ్ళు తిరగేసేవాళ్ళున్నారు. మాకు ఆ వయసులో వీళ్ళెవరూ తెలియదు. మా పాటికి మేం ఒక మూల అదే ఆట ఆడుకుంటున్నాం.

ఆ అట్టగది గురించి చెప్పకపోతే ఊపిరాడదు నాకు. 221బి బేకర్ స్ట్రీట్‌లో హోమ్స్ కూర్చునే గదిని కట్టాలని పట్టుకున్నాం. చెప్పుల పెట్టె అట్ట, గోధుమరంగు కాగితం, బంక. మొదటి నవలలో ఆ గదికి రెండు వెడల్పాటి కిటికీలన్నాడు, కోశాం. ఇంకో కథలో వీధిలోకి ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ అన్నాడు. ఉన్న కిటికీల్లో ఒకదాన్ని పీకి, అట్టను మూడు మడతలు పెట్టి బయటికి తోశాం. మెట్లు పదిహేడని హోమ్స్ స్వయంగా చెప్పాడు. ఆ మెట్లు రోజూ ఎక్కే వాట్సన్‌కి ఎన్నో తెలియవు, నువ్వు చూస్తావు కానీ గమనించవు అని అందుకే చీవాట్లు. మేం పదిహేడూ కట్టాం. కట్టేసరికి మెట్ల వరస పెట్టె దాటి బల్ల అంచు మీదికి పోయింది. తగ్గిద్దామంటే అక్క వినలేదు. ఇప్పటికీ ఆ మెట్లు గదికి కాస్త దూరంలో విడిగా ఉంటాయి.

అసలు కష్టమంతా పొయ్యి గట్టు దగ్గర. హోమ్స్ జవాబివ్వాల్సిన ఉత్తరాలను ఆ గట్టు చెక్కలోకి మడతకత్తితో గుచ్చి ఉంచుతాడు. గోరంత కాగితాలు కత్తిరించి, ఒక్కోదాని మీద కనీకనపడకుండా గీతలు గీసి, గుండుసూదితో గుచ్చాను. పొగాకు దాచేది పర్షియన్ చెప్పు ముందుభాగంలో. కొన వంకీ తిరిగిన ఆ చెప్పును అక్క ఎర్ర గుడ్డపేలికతో కుట్టింది. వేలిగోరు మీద పెడితే సరిగ్గా సరిపోయేంత. సిగార్లుండేది బొగ్గుల బకెట్లో, వాటికి అగ్గిపుల్లలు విరిచి రంగేశాం. ఇక గోడ మీద తుపాకీతో కాల్చి హోమ్స్ రాసిన వి.ఆర్. అనే అక్షరాలు, విక్టోరియా రాణి పేరుకి గుర్తుగా. నేను సూదితో చుక్కలు పొడిచి చూపించాను. అక్క దగ్గరగా పట్టుకుని చూసి, "ఇది కాల్చినట్టు లేదురా, కుట్టుమిషన్ మీద కుట్టినట్టుంది" అంది. కాగితం మార్చి, ఈసారి కళ్ళు మూసుకుని పొడిచాను. బ్రహ్మాండంగా వచ్చింది.

కొన్నేళ్ళ తర్వాత 1921 నాటి కథ ఒకటి చదివితే గుండె ఆగినంత పనైంది. హోమ్స్ పడకగదిలోంచి కిటికీ తెర వెనక్కి వచ్చే రెండో తలుపు ఉందట! ముప్ఫై ఏళ్ళకు పైగా అన్ని కథల్లో లేని తలుపు అప్పుడెలా వచ్చింది? తర్వాత తెలిసింది, ఆ కథ డాయిల్ రాసిన ఒక చిన్న నాటకంలోంచి పుట్టిందని. రంగస్థలం మీద పాత్ర మాయమై ఇంకో వైపు నుంచి రావాలి కాబట్టి తలుపు కావాలి, కాబట్టి తలుపు వచ్చింది. అంత అందంగా కుదిరిన గోడను మళ్ళీ బ్లేడుతో కోశాను. అక్కకు ఇష్టం లేదు. ఆ కథ అసలు వాట్సన్ చెప్పిందే కాదు, సాక్ష్యం చెల్లదు అని వాదించింది. ఆ మాట నిజమే, అది వాట్సన్ నోట రాని కొద్ది కథల్లో ఒకటి. ఇప్పుడు ఆ కోసిన తలుపు ఉంది, దాన్ని మూస్తూ అక్క అతికించిన కాగితమూ ఉంది.

పేరున్న అభిమాన వస్తువులు నేనూ కొన్నాను, కాదనను. టోపీ, వంకర పైపు ముద్రించిన కప్పులు, పుస్తకంలో పెట్టుకునే గుర్తులు. వాటిని మళ్ళీ చేతిలోకి తీసుకోబుద్ధి కాదు. పైగా ఆ టోపీ పైపుల జంట డాయిల్ రాసిందే కాదు. చెవులు మూసే టోపీ అని కథలో ఒకచోట వస్తుంది, నిజమే, కానీ దాన్ని వేటగాళ్ళ డీర్‌స్టాకర్ టోపీగా బొమ్మల్లో స్థిరపరిచింది ఆ కథలు అచ్చువేసిన స్ట్రాండ్ పత్రిక చిత్రకారుడు సిడ్నీ పాజెట్. వంకర పైపు 1899 నుంచి రంగస్థలం మీద హోమ్స్‌గా వేసిన అమెరికన్ నటుడు విలియం జిలెట్ చలవ. కథల్లో హోమ్స్ తాగేది మట్టి పైపు, ఇంకా రెండు మూడు రకాల చెక్క పైపులు. అంటే ప్రపంచమంతా గుర్తుపట్టే హోమ్స్ రూపం ఒక చిత్రకారుడూ ఒక నటుడూ కలిసి తయారుచేసింది. ఇద్దరూ మాలాగే ఖాళీలు పూరించినవాళ్ళే. వాళ్ళకి డబ్బులిచ్చారు, అంతే తేడా.

పాజెట్ బొమ్మల పునర్ముద్రణలను సేకరించడం మాత్రం ఎప్పుడూ విసుగనిపించలేదు. అక్క వాటిని చూసి గీస్తూనే గీయడం నేర్చుకుంది. నల్లని కోటు మీద నల్లని నీడను ఎలా విడదీశాడా అని గంటలు గంటలు చూసేది. 1984లో మొదలైన గ్రెనాడా టీవీ హోమ్స్ సీరియల్ చూస్తున్నప్పుడు ఉన్నట్టుండి "ఆపు, ఆపు!" అని అరిచింది. హోమ్స్‌గా వేసిన జెరెమీ బ్రెట్ కుర్చీలో వాలిన తీరు అచ్చం పాజెట్ బొమ్మే. తీసినవాళ్ళు కావాలనే ఆ బొమ్మల్లా సన్నివేశాలు పెట్టారు. తెర మీద బొమ్మనీ, కాగితం మీద బొమ్మనీ పక్కపక్కన పెట్టుకుని గుర్తుపట్టడం మా ఇంట్లో కొన్నాళ్ళు ఒక వ్యాపకమైంది.

స్టాంపుల్లో నాకు ప్రాణం బ్రిటన్ 1993లో వేసిన అయిదు. ఒక్కో స్టాంపు ఒక్కో కథ. చివరిదాంట్లో జలపాతం అంచున హోమ్స్, అతని బద్ధశత్రువు మోరియార్టీ. చూడ్డానికి మామూలుగానే ఉంటాయి, కానీ ఒక్కో స్టాంపులో ఒక్కో ఇంగ్లీషు అక్షరం దాచారు. అయిదూ దొరికితే డాయిల్ పేరు వస్తుంది. ఈ సంగతి తెలిశాక భూతద్దం తీసి కిటికీ పక్కన కూర్చున్నాను. భూతద్దంతో హోమ్స్‌ని వెతకడం! నన్ను నేను చూసుకుంటే నవ్వొచ్చింది. మామయ్య వచ్చి నిలబడి కాసేపు చూసి, "దొరికాడా దొంగ?" అని వెళ్ళిపోయాడు.

నా చేతికి ఎప్పటికీ రానివి రెండున్నాయి. ఒకటి 1887 బీటన్ క్రిస్మస్ సంచిక, మొదటి హోమ్స్ నవల అచ్చయింది అందులోనే. ఆ నవల హక్కులన్నీ కలిపి డాయిల్‌కి ముట్టింది 25 పౌండ్లు. సంచిక వెల ఒక షిల్లింగు, చదివి పారేసే రకం, అందుకే ఇప్పుడు మిగిలినవి చాలా కొద్ది. రెండోది బాస్కర్‌విల్ వేటకుక్క నవల రాతప్రతి. అమెరికాలో ప్రచారం కోసం ఆ రాతప్రతిని పేజీ పేజీగా విడదీసి పుస్తకాల షాపులకు పంచేశారు. చాలా పేజీలు గల్లంతయ్యాయి, ఒక్క పదకొండో అధ్యాయం మాత్రం పూర్తిగా న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ పంపకం చేసినవాళ్ళను తిట్టుకున్నాను. బీటన్ సంచికకి మాత్రం ఉపాయం దొరికింది. ముఖచిత్రం నకలు చూసి, వేలాడే దీపం వెలిగించబోతున్న ఆ మనిషిని అక్క గీసింది, అక్షరాలు నేను రాశాను. దాన్ని అలమరలో అసలైనవాటి పక్కనే పెట్టాం. అసలుది దొరికినా దీన్ని తీయను.

అన్నిటికంటే ఎక్కువ కాలం మమ్మల్ని పట్టి పీడించింది 1903లో వచ్చిన నాట్యమాడే బొమ్మల కథ. చేతులూ కాళ్ళూ రకరకాలుగా ఎత్తిన పుల్లబొమ్మలు, ఒక్కో బొమ్మ ఒక్కో ఇంగ్లీషు అక్షరం, జెండా పట్టుకున్న బొమ్మ వస్తే మాట అయిపోయినట్టు. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే అక్షరం 'ఈ' కాబట్టి, ఎక్కువసార్లు కనిపించిన బొమ్మ అదే అని హోమ్స్ చిక్కుముడి విప్పడం మొదలుపెడతాడు. మేమూ ఇలాంటి ఉత్తరాలు రాసుకోవాలి, తెలుగులో. ఇంగ్లీషుకైతే ఇరవయ్యారు బొమ్మలు చాలు. మన గుణింతాలు, ఒత్తులు ఎక్కడ పెట్టాలి? క నుంచి హ వరకూ ఒక్కోదానికి పన్నెండు రూపాలంటే బొమ్మలు గీసేలోగా ఉత్తరం రాయాలన్న కోరికే చచ్చిపోతుంది.

కొన్ని సాయంత్రాలు తలలు బద్దలు కొట్టుకున్నాక దారి దొరికింది. కాళ్ళు హల్లుకి, చేతులు గుణింతానికి. కుడి చెయ్యి పైకెత్తితే దీర్ఘం, ఎడమ చెయ్యి నడుం మీద పెడితే కొమ్ము, రెండూ దించితే ఉత్త అకారం. ఒత్తు వస్తే ఆ బొమ్మ కాలు పట్టుకుని వేలాడే పిల్లబొమ్మ. "అమ్మ" అని రాస్తే చివరి బొమ్మ కాలికి దాని పిల్లే వేలాడుతుంది. అది అనుకోకుండా కుదిరింది, మేం చాలాసేపు నవ్వుకున్నాం. సున్నాకి తల మీద బంతి. "స్త్రీ" లాంటి మాట రాయాలంటే ఒక కాలికి ఇద్దరు పిల్లలు, పైన దీర్ఘం, అందుకని అలాంటి మాటలను మా ఉత్తరాల్లోంచి వెలివేశాం.

ఇద్దరికీ తాళం తెలిస్తే మజా ఏముంది? నేను కాళ్ళన్నీ రహస్యంగా మార్చేసి ఒక పొడుగాటి ఉత్తరం రాసి అక్క పుస్తకంలో పెట్టాను. పాపం, హోమ్స్ 'ఈ' సూత్రం తెలుగులో పనిచేయదు కదా అని ధీమా. అక్క బొమ్మలన్నీ లెక్కపెట్టే పని పెట్టుకోలేదు. జెండా పట్టుకున్నవాళ్ళను మాత్రమే విడిగా గీసుకుంది. మాటల చివర ఊరికే మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురే ఉన్నారు, అందరి ఎడమ చెయ్యీ నడుం మీదే. తెలుగులో మాటల చివర లు, ను, డు కాక ఇంకేముంటాయి? ఆ మూడూ పట్టుకుని లాగితే మిగతావన్నీ దారాల్లా ఊడి వచ్చాయి. మర్నాటి సాయంత్రానికి నా బల్ల మీద జవాబు, నా కొత్త కాళ్ళతోనే రాసి ఉంది: "నీ ఎడమ చేతులు మార్చుకోరా." హోమ్స్ కథలన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైన పరిశోధన ఇదే. డాయిల్ రాయలేదు కాబట్టి ఎక్కడా అచ్చు కాలేదు.

నోటుపుస్తకాల్లోని కథలు చాలావరకు 1891 నుంచి 1894 మధ్య జరుగుతాయి. హోమ్స్ రైకెన్‌బాక్ జలపాతంలో పడిపోయాడని వాట్సన్ ఏడ్చిన రోజుకీ, వేషం మార్చుకుని తిరిగొచ్చిన రోజుకీ మధ్య కాలం అది. ఆ మధ్యలో రెండేళ్ళు టిబెట్‌లో తిరిగాననీ, సిగర్సన్ అనే పేరుతో ఉన్నాననీ, మక్కా చూశాననీ రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటాడు. అంత పెద్ద మైదానం ఖాళీగా వదిలేస్తే ఎవరు ఊరుకుంటారు? స్ట్రాండ్ పత్రికలాగే రెండు వరసలుగా రాసి, బొమ్మకి చోటు వదిలి అక్కకి ఇచ్చేవాణ్ణి. ఆమె బొమ్మ గీసి, పనిలో పనిగా నా కథలో వాక్యాలు కొట్టేసి ఇచ్చేది. 2023 జనవరి 1తో అమెరికాలో కూడా చివరి హోమ్స్ కథల హక్కులు తీరిపోయాయి, కాబట్టి అచ్చు వేసుకుంటానన్నా అడ్డేమీ లేదు. ఆ ఉద్దేశం లేదు. అక్క కొట్టివేతలు అచ్చులో రావు.

ఇప్పుడు చేతిలో ఉన్నది జేమ్స్ ఫిలిమోర్ కేసు. లండన్‌లో ఒక బ్యాంకులో వాట్సన్ దాచుకున్న రేకుపెట్టె ఉందనీ, అందులో తేలని కేసుల కాగితాలున్నాయనీ 1922 నాటి కథలో చెబుతాడు. వాటిలో ఒకటి ఫిలిమోర్‌ది. గొడుగు కోసం తన ఇంట్లోకే వెనక్కి వెళ్ళిన మనిషి, మళ్ళీ ఈ లోకంలో ఎవరికీ కనపడలేదు. ఒకే ఒక్క వాక్యం. ఎంతోమంది అభిమానులు దీనికి పరిష్కారాలు రాశారు. నాదీ తయారైంది. ఫిలిమోర్ ఇంట్లోకి వెళ్ళిన మాట నిజం, అసలు బయటికి వచ్చినవాడే ఫిలిమోర్ కాదు.

ఫోన్లో అక్కకి చదివి వినిపించాను. అంతా విని, "బాగుంది. గొడుగు ఏమైంది?" అంది.

"గొడుగుకేం? ఇంట్లోనే ఉంటుంది."

"అయితే మీ దొంగ ఫిలిమోర్‌కి ఆ ఇంట్లో గొడుగు ఎక్కడుంటుందో ఎలా తెలుసురా? అసలు ఆ రోజు వాన పడిందా?"

పడిందంటే గొడుగు లేకుండా పారిపోయినవాడు తడిసి ఎవరి కంటో పడాలి. పడలేదంటే వాడు గొడుగు కోసం వెనక్కి ఎందుకు వెళ్ళాడో చెప్పాలి. మూడో భాగం మొత్తం మళ్ళీ రాస్తున్నాను. ప్రస్తుతానికి మబ్బు పట్టి, వాన పడకుండా పోయిన రోజు ఒకటి కావాలి. 1890ల నాటి లండన్ వాతావరణ నివేదికలు ముందేసుకుని కూర్చున్నాను.